రెండో వైపు, మూడో పాట

కిట్వే సంతలో టోపీలు కుట్టే ముసొండా
గుడ్డ మీద నల్లటి పళ్లెమేదో బోర్లించి
అంచు చుట్టూ సుద్దతో గీత గీస్తోంది.
పళ్లెం నడుమ చిల్లు.
చిల్లు చుట్టూ అరిగిపోగా మిగిలిన ఎర్రకాగితం.
కాగితం మీద నా పేరులో సగం.

ఎక్కడిదమ్మా ఇది, అన్నాను.
మా అత్త ఇచ్చిపోయింది, వెంట్రుకవాసి తేడా రాదు,
తలకాయలు మారతాయి గానీ ఇది మారదు, అంది.
అమ్మమన్నాను. అమ్మనంది.
అదే కొలతకి ఇంకోటి తెస్తే చూద్దామంది.
ఇంటికెళ్లి న్షిమా వండే గిన్నె మీది
సత్తుమూత పట్టుకొచ్చాను.

మూడొందలు అచ్చేయించాం, డెబ్బై ఐదులో.
అరవై ఒకటి అమ్ముడుపోయాయి.
అందులో పదకొండు మా డ్రమ్ముల సిముసొక్వే
మేనమామే కొన్నాడు,
ఆయనింట్లో గ్రామఫోను లేదు.
మిగతావి చర్చి వెనక కొట్టుగదిలో పెడితే
అట్టలన్నీ చెదలు తినేశాయి.
మా గురించి అంత ఓపిగ్గా చదివినవి అవే.

ఆ ఏడే రాగి ధర పడింది.
రాగి పడితే మా ఊళ్లో అన్నీ పడతాయి,
బీరు, జీతం, పెళ్లిమాటలు,
పాటలు కొనే చేతులు.

రేడియోలు బాగుచేసే చితంబో కొట్లో
తడిగుడ్డ పెట్టి తుడిచాం.
గీతల్లోంచి ఏళ్లనాటి సుద్ద
పిండిలా రాలింది.
ముల్లు ఆనింది.

మొదటి పాటలో తొందరపడ్డాను.
నా నాలుగు తీగలూ
కొత్త చెప్పులేసుకున్నవాడి నడకలా
టకటకా ముందుకి పోతున్నాయి.
ఆగరా, అన్నాను పైకే.
ఇరవై రెండేళ్లవాడు వింటాడా?

రెండో పాట చిలేషే పాడాడు.
రాత్రి కొలిమి మడ్డిని గుట్ట మీద పోస్తే
ఆకాశం ఎర్రబడేదే, దాని మీద.
మా వీధిదీపం అదే.
ఆ వెలుగులో మొహాలు చూసుకుని
పెళ్లాడినవాళ్లం చాలామందిమి ఉన్నాం,
మర్నాడు ఎండలో చూసుకుని
గతుక్కుమన్నవాళ్లమూ ఉన్నాం.

చితంబో డిస్కు తిప్పేశాడు.

మూడో పాట లుబూటోది.
గనిలో రాత్రి షిఫ్టు దిగి
కనుబొమ్మల మీద దుమ్ముతోనే వచ్చి
గిటారు తగిలించుకునేవాడు.
డబ్బులు పెట్టి కొనే గరగర మాకెక్కడిది?
స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరి
పుట్టించాడు దాన్ని.
తేనెపట్టులో చెయ్యి పెట్టినట్టుంటుంది.
నడుమ ఒకచోట అందరం ఆగుతాం,
రెండు దెబ్బల మేర నిశ్శబ్దం.
అక్కడ దగ్గాడు.

ఎంత గొడవపడ్డామో.
టేపు అయిపోయింది, మళ్లీ కుదరదన్నాడు స్టూడియో అతను.
సిముసొక్వే పుల్ల విసిరికొట్టాడు.
న్డోలా నుంచి లారీ ఎక్కి తిరిగొచ్చే దారంతా
పాట చెడగొట్టావని దులిపేశాం.
లుబూటో నవ్వి, గొంతులో దుమ్మురా, అన్నాడు.
దుమ్మేలే, అని మేమూ నవ్వాం.

ఎనిమిదేళ్ల తర్వాత
దీపానికి అడ్డంగా ఫిల్ము పెట్టి
డాక్టరు వేలితో చూపించిందీ ఆ మాటే.
అప్పటికి వాడు గిటారు ఎత్తలేకపోతున్నాడు.
మంచం పక్కన రెండు రేకుడబ్బాల మీద
వేళ్లు మాత్రం ఆడించేవాడు.

నలభై తొమ్మిదేళ్లుగా
ఆ దగ్గు లేకుండానే ఆ పాట గుర్తుంది నాకు.
నా చెవి దాన్ని ఎప్పుడు తుడిచేసిందో తెలీదు.

కంప్యూటర్లో ఎక్కించి
ఆ చోటు శుభ్రం చేసేస్తా పెద్దాయనా, అన్నాడు చితంబో,
అతుకు కూడా కనపడదు.
చెయ్యి తియ్యి, అన్నాను.
గట్టిగానే అన్నట్టున్నాను,
పక్క కొట్టువాడు తొంగి చూశాడు.
మళ్లీ పెట్టు.
మళ్లీ.
గరగరా, పరుగూ, అన్నీ వచ్చి ఆగగానే
తలుపు దగ్గరికెళ్లి నిలబడినట్టు
ఊపిరి బిగబట్టి ఉంటున్నాను.

శనివారం సంతకెళ్తే
ముసొండా పోట్లాటకొచ్చింది.
నీ మూత అంగుళం పెద్దదయ్యా,
ఈ వారం కుట్టిన టోపీలన్నీ
జనం చెవుల మీదికి జారుతున్నాయి, అని.