కాటా సున్నాకి వచ్చేదాకా

జూన్ నెల. గుడిపాల రోడ్డు పొడుగునా
తోతాపురి కాయల ట్రాక్టర్లు.
ముందరి బండి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గరుంటే
చివరి బండి ఎక్కడుందో చివరి బండివాడికే తెలుసు.
రాత్రి పదకొండు దాటింది.
కాటా పక్కన ఈ అద్దాల గదిలో
నూట పద్నాలుగో టోకెను పిలుస్తున్నాను.

ఫోన్లో గ్యాసు బుకింగ్ మెసేజి,
ట్యూషన్ సారు మెసేజి,
"అన్నం ఏ గిన్నెలో పెట్టినావు మా" అని పిల్లోడిది ఇంకొకటి.
పాస్టరుగారి వాయిస్ మెసేజిలు పదకొండు,
ఒక్కటీ వినలేదు.
కాయల సీజన్లో ఆదివారం కూడా సోమవారమే.
ఆరు వారాలుగా చర్చిలో, చాప మీద, నా చోట
ఎవరు కూర్చుంటున్నారో.

దేవుడికి నేనిప్పుడు ఇస్తున్నది
నాలుగు సెకండ్లు.
బండి దిగిపోయినాక
ఎర్రంకెలు గబగబా దొర్లి
సున్నా దగ్గర నిలబడేదాకా
నన్నెవరూ తొందర పెట్టలేరు.
మేనేజరు అరవనీ, డ్రైవరు హారను కొట్టనీ,
సున్నా కానిదే తర్వాతి బండి ఎక్కకూడదు. అది రూలు.
ఆ రూలు చాటున కళ్ళు మూసుకుంటాను.
మాటలేవీ రావు. "నాయనా" అంటాను.
కొన్నిసార్లు అది కూడా సగమే.

మా అమ్మమ్మ సువార్తమ్మ
చింతపండు మండీలో గింజలు కొట్టేది.
చదువు రాదు. బైబిలు తలాపున పెట్టుకుని పడుకునేది.
"కొనేదానికొక రాయి, అమ్మేదానికొక రాయి పెట్టుకున్నోడికి
పరుపు మీద కూడా ముళ్ళే" అనేది.
జ్ఞానమంటే పెద్ద మాట అనుకునేదాన్ని.
ఆమెకది నడుం వాల్చగానే వచ్చే నిద్ర.

నాకు ఆ నిద్ర పోయిన సంవత్సరం నుంచి లేదు.

ఒక రాత్రి మేనేజరు "తరుగు కొట్టు" అన్నాడు.
నూట ఎనభై కేజీలు.
ఎవరి బండో కూడా తలెత్తి చూడలేదు. సంతకం పెట్టేసినాను.
ఆ నెల జీతంతో పాటు కవర్లో వెయ్యి రూపాయలు.
పిల్లోడికి బూట్లు కొన్నాను.
బూట్లు ఇరుకైపోయినాయి,
కేజీలు మాత్రం అట్లనే ఉండాయి.

ఇక్కడొక నల్ల కుక్క. వాచ్‌మెన్ యేసోబు అన్నం పెడతాడు.
చల్లగా ఉంటుందని కాటా ఇనుప పలక మీదికొచ్చి పడుకుంటుంది.
బండేమీ లేకుండానే తెర మీద ఇరవై.
మొదటిసారి చూసి మిషను చెడిపోయిందనుకున్నా.
చెడలేదు. దాని మీద ఎవరో పడుకొనుండారు, అంతే.
కళ్ళు మూసుకున్నా నేను సున్నాకి రాకపోవడం
ఇట్లాంటిదేనని ఆ రాత్రి తెలిసింది.

నూట పద్నాలుగు. చెంగల్రాయుడు, పాలసముద్రం.
రెండు రాత్రులుగా బండి కిందనే నిద్ర.
అడుగు కాయలు చితికి రసం రోడ్డంతా చుక్కలు.
కాయలు దించి ఖాళీ బండి తిరిగొచ్చేసరికి ఒంటిగంట.
"ఎంత తేలిందో చూడు మా" అన్నాడు, అడుక్కుంటున్నట్టు.
నాలుగు వేల ఆరువందల ఇరవై.
నా భుజం మీదుగా మేనేజరు వేలు:
"ఐదు శాతం తీసెయ్."

నా చేతులు వణికినాయి, అబద్ధమెందుకు.
ధైర్యం కాదది. అలసట కావచ్చు,
ఇంకొక కుక్కని మోసే ఓపిక లేక కావచ్చు.
"వచ్చినంతే వేస్తాను సార్."
"రేపు ఆఫీసుకి రా" అన్నాడు.

ప్రింటరు కిర్రుమని చీటీ బయటికి తోసింది.
చెంగల్రాయుడు చదవలేదు. నాలుగు మడతలు పెట్టి
చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.
ఇక్కడేం జరిగిందో ఆయనకు తెలీదు.
తెలియకపోవడమే బాగుంది.

రేపు ఉద్యోగం ఉంటుందో లేదో. గ్యాసు మాత్రం రేపే వస్తుంది.
పాత రిజిస్టరులో ఆ రాత్రి బండివాడి పేరు వెతకాలి,
నూట ఎనభై కేజీలకు అప్పటి రేటు కట్టాలి.
తలుచుకుంటే భయమే.
ఆ భయం అడుగున మాత్రం ఏదో చల్లగా,
ఇనుప పలకలాగా.

నూట పదిహేనో బండి డ్రైవరు టీకి పోయినాడు.
ఖాళీ కాటా మీదికి నల్ల కుక్క వచ్చి
రెండు చుట్లు తిరిగి ముడుచుకుంది.
తెర మీద ఇరవై.
యేసోబు కర్ర తీసుకున్నాడు.
"ఉండనీ అన్నా" అన్నాను,
"బండి వచ్చేదాకా."