ఎర్రగడ్డ రెండో పొర

షువైఖ్‌లో మా షెడ్డుకు తలుపు లేదు.
ఒక రేకు, రేకు వెనక నేను, నా డబ్బాలు.
బతాకాలో నా పని గొర్రెల కాపరి అని ఉంది.
నేను కాసేది రంగుల్ని.

అమెరికా బండ్లొస్తాయి మా దగ్గరికి,
పడవంత పొడుగువి,
పెట్రోలు పోసేకొద్దీ ఇంకా దప్పికనేవి.
బండికొక ముసలితనం, ఓనరుకొక పిచ్చి.
ముత్లక్ అనే కుర్రాడు
మీటరు చేతబట్టుకొని వస్తాడు.
ఫ్యాక్టరీ నెంబరుకు వెంట్రుకవాసి తేడా ఉన్నా
గీకెయ్, మళ్లీ కొట్టు, అంటాడు.
ఆ బండి వానకు తడవదు, ఎండన నిలవదు,
ముసుగేసుకొని ట్రక్కు మీద వచ్చి
ట్రక్కు మీదనే పోతుంది.
ఇంకొకాయన, పోతా ఉంటే వంకాయ రంగు,
నిలబడితే చిలకపచ్చ కావాలన్నాడు.
చేసిచ్చినా.
మూడో నెల వచ్చి, ఇంట్లో తెలుపే మేలంటున్నారని
తల గోక్కున్నాడు.

బూ నాసర్ వచ్చింది ఇసుకగాలి రోజు.
డెబ్బై ఆరు కాప్రిస్. ఎడమ తలుపు సొట్ట.
రంగా?
నోరు తెరిచి, మూసుకున్నా.
మీరు ఉల్లిపాయ అంటారే, మా కృష్ణాపురం ఎర్రగడ్డ,
పైపొర ఒలిస్తే లోపల రెండోది ఉంటుంది.
పేరుకే ఎర్ర. ఎరుపు కాదు, గులాబీ కాదు,
కంట్లో నీళ్లు తిరిగేటప్పుడు కనపడే రంగు.
అదీ.

షెడ్లన్నీ కదిలొచ్చి చూసినాయి.
బావాకుట్టి నవ్వాపుకోలేక స్పానరు జారవిడిచినాడు.
"తెలుపు కొట్టిద్దాం బాబా, మగోళ్ల బండి" అన్నాడు లబీబ్.
బూ నాసర్ తస్బీ పూసలు తిప్పుకుంటా
"ఖల్లీ" అన్నాడు.
ఉండనీ. అంతే.

తలుపు రబ్బరు ఊడబెరికి చూసినా.
ఎండ ముఖమెరగని చోటు.
అక్కడుంది అసలు రంగు,
ఇప్పుడే కోసిన గడ్డ మాదిరి తడితడిగా.
దాన్నే కలిపి, రేకు ముక్క మీద కొట్టి, ఆరబెట్టి చూపించినా.
ఇరవై రెండేండ్ల పనిలో అంత బాగా ఎన్నడూ కుదరలేదు.
ఆయన చూసినాడు. చానాసేపు చూసినాడు.
"ఇది షోరూమోడి రంగు.
నాది తే."

ఆయనదంటే ఏది?
టాపు మీద వెలిసిపోయిందొకటి,
గోడవార నిలిపిన కుడిపక్క ఇంకా మాగిందొకటి,
అద్దం దించి మోచెయ్యి ఆనించే చోట
దిష్‌దాషా చేయి తోమి తోమి మిగిల్చిందొకటి.
ఒకటే బండి. పదకొండు డబ్బాలు.
కొత్త రంగు కలపడం చేతిపని.
వెలిసిన రంగు కలపాలంటే
ఎండ ఏ పక్కన ఎంతసేపు కూర్చుందో
ఆరా తీయాల.
చుక్క నలుపు, అరచుక్క పసుపు,
గోటికి రాసి చూడు, తుడువు, ఇంకో చుక్క.
నాలుగు రోజులు.
ముదీరు నా జీతంలో కోస్తానన్నాడు,
కోసినాడు కూడా.

ఐదోనాడు ఫహస్‌కు నన్నూ ఎక్కించుకున్నాడు.
ఆఫీసరు దఫ్తర్ తిప్పినాడు, బండి చుట్టూ తిరిగినాడు,
మళ్లీ దఫ్తర్ చూసినాడు.
రంగు అన్నచోట "ఇతర" అని ఉంది.
ఆనాడు రాసినోనికీ పేరు దొరికినట్టు లేదు.
"ఏం రంగిది?"
బూ నాసర్ నా వైపు చూసినాడు.
నాకొచ్చిన అరబ్బీలో చెప్పినా,
"బసల్."
ఆఫీసరు పొట్ట ఊగేటట్టు నవ్వి ముద్ర వేసినాడు.

వాపసు వచ్చేటప్పుడు, రెండో సిగ్నలు దగ్గర,
ఏసీ చప్పుడులో,
"బసల్ కాదు" అన్నాడు బూ నాసర్.
మరి ఏందో చెప్పలేదు.
లైటు పచ్చబడింది.
నేనడగలేదు.

నా బొటనవేలి గోటి మొదట్లో
తుడవడం మరిచిన మరకొకటి ఉండిపోయింది.
పెరిగి పెరిగి నాలుగు నెలలకు కొసకొచ్చింది.
మొన్న శుక్రవారం గోళ్లు తీసుకుంటా
ఆ ముక్కను పారెయ్యబోయి,
పదకొండింటిలో ఇది ఏ డబ్బాదా అని
కిటికీ వెలుతురుకు పెట్టి
చూస్తా నిలబడిపోయినా.