మూత తీసినా దిగని వత్తిడి

ములుగు రోడ్డుల, ధర్మకాంట ఎనుక మా షెడ్డు.
షట్టరు సగం లేపిన్నో లేదో
నర్సింగం కారు వచ్చి నిలవడ్డది
మీటరు బోర్డుల పసుప్పచ్చ లైటు ఏసుకొని.
"రెండుసార్లు సెన్సారు మార్చిన్రక్కా,
హన్మకొండల ఒకపారి, కాజీపేటల ఒకపారి.
రెండు దినాలు ఊకుంటది,
మూడోనాడు మల్ల అంటుకుంటది."
రెండు బిల్లులు బానెటు మీద పరిచిండు,
దవాఖాన చిట్టీలు పరిచినట్టు.

నేను బిల్లులు చూడలే.
పెట్రోలు మూత తిప్పి తీసిన.
లోపలి గాలి, బయటి గాలి ఒక్కటైనయి.
ఇగ ట్యాంకుల వత్తిడి అనేదే లేదు.
స్కానరు మాత్రం నిండుగున్నదనే అన్నది:
నాలుగు పాయింట్ ఎనిమిది వోల్టులు.
ఉండాల్సింది రెండున్నర.

అన్ని తలుపులు తెరిచిపెట్టినంక గూడ
ఊపిరాడుతలేదనే మనిషిని
ఒక్కపారే చూసిన, అద్దంల.
ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

"ఏం జేద్దాంరా ఓదెలూ?"
"ఇంకో సెన్సారు ఏద్దామక్కా."
పద్దెనిమిదేండ్లు వానికి.
సామాను మార్చుడే రిపేరనుకునే ఈడు.

ఎనుక సీటు లేపినం.
సీటు కింద చపాట మిర్చి గింజలు, తొడిమెలు;
ఎనుమాముల మార్కెట్టుకు ఎన్ని సంచులు మోసిందో.
ముగ్గురం వరుసవెట్టి తుమ్మినం.
ఓదెలు తుమ్ముకు బ్యాటరీ లైటు ఆరిపోయింది.

సెన్సారుకు మూడు తీగలు.
ఒకటి ఐదు వోల్టులు తెస్తది.
ఒకటి ఉన్న మాట ఉన్నట్టు కొంటవోతది.
మూడోది ఎర్తు. దాన్ని ఎవ్వరూ అడగరు.
సాకెట్టు ఊడవీకి, చావి తిప్పి,
ఇంజను మాత్రం లేపకుండ
మల్టీమీటరు ఎర్ర మొన ఐదు మీద, నల్ల మొన బాడీకి:
ఐదు. మంచిగనే ఉన్నది.
నల్ల మొనను ఎర్తు పిన్నుకు జరిపిన:
సున్నా. పాయింట్ మూడు. సున్నా.
తీగను జరంత ఊపితే ఐదు,
చెయ్యి తీస్తే సున్నా.

"సూడురా, వచ్చేది వస్తున్నది,
వాపసు పొయ్యే తొవ్వ తెగింది.
సెన్సారు అబద్ధమాడుతలేదు,
దానికి కాలు మోపే జాగ లేదు."

తీగెంబడి జానెడు, మూరెడు ఏలు జరుపుకుంట పోయిన.
పైతోలు నిగనిగ, ఎలుక పన్ను గూడ తాకలే.
క్లిప్పు దగ్గర ఒక్క జాగల
సూదిమొనంత బొక్క.
తోలు చీరితే లోపల రాగి
పాచివట్టిన బాయి మెట్టు లెక్క పచ్చగ,
ఏలు తాకంగనే పొడి పొడి.
ఎవరో ఎప్పుడో మీటరు మొన గుచ్చి చూసిన్రు.
నీళ్లకు గా బొక్క చాలు.

పక్కకు చుట్టిన టేపు చూసిన.
కొస లోపలికి మడిచి ఉన్నది,
మళ్ల ఇప్పెటోనికి గోరు దొరికేటట్టు.
వరంగల్ల గట్ల మడిచేది నేనొక్కదాన్నే.

యాదికొచ్చింది. మూడేండ్ల కింద, ముసురు,
సుబేదారి లెక్చరరు సారు కారు,
పెట్రోలు ముల్లు లేస్తలేదని తెచ్చిండు.
ఆ కారే చేతులు మారి, రంగు మారి
నా ముంగట నిలవడ్డది.
"సూది గుచ్చితే మందు రాయాలె బేటీ,"
మహమూద్ ఉస్తాదు వెయ్యిసార్లు చెప్పిండు.
ఆ దినం కరెంటు పోయింది,
బస్సు టైమైంది,
రాయలే.

"ఎవడు జేసిండక్కా గీ పని?"
"నేనే."

ఓదెలు చేతుల పానా ఆగింది.
నర్సింగం రోడ్డు దిక్కు చూసిండు కొంచెంసేపు.
బానెటు మీది రెండు బిల్లులల్ల ఒకటి నా చేతుల వెట్టిండు:
"ఇది నీది. రెండోది నువ్వు కట్టుడెందుకు?
అది చూడకుండ మార్చినోనిది."

కొత్త తీగ ముక్క అతికి, కాల్చి, గొట్టం తొడిగిన.
మూత తెరిచే ఉన్నది. స్కానరు: రెండున్నర.
ఈ పొద్దు ఎన్నిచోట్ల గుచ్చిన్నో
వేళ్లు మడిచి లెక్కవెట్టుకున్న. నాలుగు.
ఓదెలును కంగన్‌హాలుకు తోలి
పది రూపాయల గోళ్లరంగు తెప్పించిన.
నాలుగు చుక్కలు, నేరేడుపండు రంగువి.
ఐదోది జారి బొటనవేలి మీద పడ్డది.
తుడువలే.