సగం రంగు

కొర్లగుంటలో టైర్లంగడి మీద మా ఆఫీసు.
కింద పంచర్లు వేసే చప్పుడు.
పైన అయిదుమందిమి కూచోని
నాలుగేండ్లుగా ఒక జాతర కడతా ఉండాం:
అన్ని వేషాల మధ్య తల్లిని వెతుక్కునే ఒక పిల్ల,
ఆ పిల్ల నడిచే వీధులు, వీధుల్లో వేపమండలు.
ఒక్కో మండకి ఎన్ని ఆకులో నన్నడగండి, చెప్తా.

మంగళవారం మబ్బుతోనే ఫోను.
“అక్కా, మన ఆట బయటికొచ్చేసిందంట.”
బయటికి రావడమేంది?
దానికింకా కాళ్లకి నీడ పడలేదు,
గోడలకి సున్నం కొట్టలేదు,
పిల్లకి ముఖమే లేదు.
బూడిదరంగు కోడిగుడ్డొకటి మెడమీద పెట్టి
తరవాత చూద్దాంలే అని వదిలేసుంటిమి.

నలభైమూడు సెకన్లు.
మధ్యాన్నానికి రెండు లక్షలమంది చూసేసినారు.
గుడ్డుతలకాయని పేరు పెట్టేసినారు.
“నాలుగేండ్లు పీకింది ఇదేనా” అని ఒకడు.
“కడాన తోటి వేషంలో ఉండేది ఆ పిల్ల తల్లే, రాసిపెట్టుకోండి” అని ఇంకొకడు.
నేను ఇంట్లో కూడా చెప్పని ముడి
చెనక్కాయ ఒలిచినట్టు ఒలిచి
తొక్క నా ముందర పారేసినాడు.

చెంగల్రాయులన్న గోడని గుద్దినాడు.
వడ్డీకి తెచ్చిన మనిషి, ఇంక దేన్ని గుద్దతాడు?
డబ్బు పెట్టే ఆయన ఆ దినమంతా ఫోనెత్తలేదు.

హేమాద్రి తనంతట తానే వచ్చి నిలబడినాడు.
పుత్తూరు పిల్లోడు. ఆడి చూసి తప్పులు చెప్పమని తెచ్చుకున్నోడు.
“దుడ్లకి కాదక్కా.
శానా నచ్చింది. నేనొక్కడే చూసి ఉండలేకపోయినా.
మా క్లాసోడికి ఒక్కడికే పంపినా.”
ఒక్కడికే.
కట్టకి పడే బెజ్జం కూడా ఒక్కటే కదరా అబ్బోడా.

ఆ రేత్రి అందురూ పోయినాక
ఎవరెవరు ఏమన్నారో అన్నీ చదివినా.
తిట్లయిపోయినాక, అడుగున ఎవడో:
“ఆ డప్పు నోటితో కొట్టినారు కదా,
దయచేసి తీసేయొద్దండి.”
ఆ నోరు నాదే.
అసలు డప్పులు వచ్చేదాకా
డండనక డండనక అని నేనే అని పెట్టుంటి, జలుబుతో.

చిన్నప్పుడు, జాతర ముందర దినం,
మా చిన్నాయన వేషం కట్టుకుంటాంటే
తలుపు సందులోంచి చూస్తిని.
సగం ముఖానికి పసుపు, సగానికి మీసం.
ఎర్రకోక కుచ్చిళ్లు ఒకచేత్తో పట్టుకోని
బీడీ తాగతా ఉన్నాడు.
నన్ను చూసి కసిరినాడు:
“కట్టేటప్పుడు చూడగూడదు మే,
కట్టినాక మొక్కాల.”
మర్నాడు వీధిలో ఆయన కాళ్లమీద అందురూ నీళ్లు పోస్తాంటే
నాకు బీడీ వాసనే తగిలింది.
భయం పోయిందిలే అనుకున్నా.
మరి ఏడుపెందుకొచ్చిందో
ఇప్పటికీ తెలీదు.

కడా రేత్రి తాతయ్యగుంటలో
అమ్మవారి మట్టి ముఖం తీసేటప్పుడు
ఒక్క పెళ్ల కోసం జనం ఎట్ల ఎగబడతారో చూసినారా?
పక్కోడి కాలు తొక్కేది కూడా భక్తితోనే.
మా ఆట మీద పడినోళ్లూ అంతేనేమో.
గుప్పెడు మట్టి ఇంటికి తీసకపోదామనేనేమో.
కానీ ఆమెకి ముఖం పెట్టినాక కదా తీస్తారు!
నా పిల్లకింకా కండ్లు దిద్దలేదప్పా.

నోటి డప్పు తీసేద్దామని
మూడుసార్లు ఫైలు తెరిచినా.
మూడుసార్లు మూసినా.

హేమాద్రిని పొమ్మన్నాం.
బస్టాండు దాకా నేనే పోయినా, టిక్కెట్టూ నేనే తీసిస్తి.
రేణిగుంట మీంద పోయే బస్సు, కిటికీ పక్కన సీటు.
బండి కదిలేటప్పుడు తల బయటికి పెట్టి అడిగినాడు:
“అక్కా, ఆ పిల్ల ముఖం ఎట్లుంటాదక్కా?”

దుమ్ము లేచిపోయిందాకా ఆడనే నిలబడుంటిని.
నాకే తెలీదని
వానికెట్ల చెప్పేది.