212వ పేజీ

పూర్ణా మార్కెట్ వెనక తూకం లెక్కన కొన్నాను,
కిలో ముప్పై. అట్ట లేదు,
మొదటి పదహారు పేజీలూ లేవు,
అంచేత రాసినాయన పేరు నాకిప్పటికీ తెలీదు.

డీజిల్ ఇంజన్ల పుస్తకం.
అందులో ఎవరూ ఏడవరు, ఎవరికీ పెళ్ళి కాదు.
"చూడుము: పటం 9.4" అంటాడు, అంతే.
చూశాను. మూడేళ్ళు చూశాను.

ఫిషింగ్ హార్బర్లో మా గురువు దానయ్య
చెవి ఆనించి చెప్పేవాడు జబ్బు.
ఆ చెవి ఆయనతోనే పోయింది.
నాకు మిగిలింది వాల్వుకీ రాకరుకీ మధ్య
ఎంత సందుండాలో చెప్పే ఒక్క పట్టిక,
దాని పక్కన ఎవరో పెన్సిలుతో:
"వేడి మీద కొలవకు. నేను కొలిచాను."

ఎవరు బాబూ నువ్వు?
షిప్‌యార్డు వాడివా, పాలిటెక్నిక్ కుర్రాడివా?
ఎంత నష్టపోయి రాశావు ఆ రెండు ముక్కలు?

నిన్న రాత్రి డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతుండగా
పోలమ్మ గారి బోటు జెట్టీ దాటకుండానే దగ్గి ఆగింది.
ఇంజన్ చల్లారేదాకా కూచున్నాను.
అందరూ తిట్టారు, ఐసు కరిగిపోతోందని.
కూచున్నాను.

తెల్లారుజామున మూడింటికి అందుకుంది.
212వ పేజీ మీద ఇంకో వేలిముద్ర, నల్లగా.