తుండుగుడ్డ కింద

ఆదోని యార్డులో పొద్దున పదిన్నరకు
పత్తి దుమ్ము ఎండలో నిలబడి ఉంటుంది
ఎటు పోవాలో తెలియనట్టు.
రెండో కిటికీ వెనక నేను.
కీబోర్డు సందుల్లో కూడా దూది.

కిటికీ అవతల ఉలిగమ్మ,
కోసిగి పక్క పల్లె, పద్నాలుగు బోరెలు.
"ఎంత పలికిందో చదువు పాపా."
చదివాను.
ఆరువేల ఎనిమిది వందల నలభై.

ఆమె కదల్లేదు. ఇంకోసారి అంది.
ఇంకోసారి అదే చదివాను, గట్టిగా,
వెనక వరుసకు కూడా వినబడేట్టు.
"ఇంతేనా?"
"ఇంతేమ్మా. తెర మీద ఉండేది ఇదే."
నోట్లో ఏదో గొణిగి వేలిముద్ర వేసింది.
వేలికి సిరా కంటే ముందే పత్తికాయ గీతలున్నాయి.

మా తాత ఇదే యార్డులో దళారి.
కొనేవాడి చెయ్యీ తాత చెయ్యీ
ఎర్రంచు తుండుగుడ్డ కింద కలుసుకునేవి.
చూపుడువేలు పట్టుకుంటే ఒక రేటు,
నాలుగు వేళ్ళు కలిపి నొక్కితే ఇంకో రేటు.
చుట్టూ వంద కళ్ళున్నా
అంకె ఏ కంటికీ చిక్కేది కాదు.
చెయ్యి బయటికి తీసి రైతుతో చెప్పేవాడు తాత,
ఒక రూపాయి తగ్గించి.
ఆ రూపాయి మా ఇంట్లో జొన్నరొట్టె అయ్యేది.
ఈ మాట ఇంట్లో ఎవరూ అనరు.
నేనూ ఇదే మొదటిసారి అనడం.

తర్వాత తెరలొచ్చాయి.
గోడకు పెద్దది, కిటికీకొకటి.
నాకు ఉద్యోగం వచ్చిన రోజు
మా నాయన ఆ తుండును సైకిలు తుడిచే గుడ్డ చేశాడు.

శనివారం కర్నూలు నుంచి ఒక పిల్లోడు వచ్చాడు,
మహబూబ్ పీరా, నిండా పాతికేళ్ళుండవు.
రెండు గంటలు పలకలేదు. తెచ్చిన టీకి మీగడ కట్టింది.
అప్పుడన్నాడు:
"సర్వర్‌లో అంకె సరిగ్గానే ఉందక్కా,
ఏడువేల నాలుగు వందల ఎనభై.
దొంగ పెట్టె జోలికే పోలా.
అంకె బయలుదేరి మీ తెరకొచ్చేలోపల
దావలో కాసినాడు.
కొన్నోళ్ళకు అసలుది చూపించినాడు, వాళ్ళు కట్టినారు.
మీ కిటికీలకు వేరేది చూపించినాడు, మీరు చదివినారు.
నడుమది యాడికో పాయె."
ఎన్నాళ్ళ నుంచి?
"పదకొండు రోజులు."
ఎవరు?
భుజాలెగరేశాడు. ఆ మీగడను వేలితో తీసి సాసరు అంచుకు రాశాడు.

క్వింటాకు ఆరువందల నలభై.
ఆ రాత్రి మంచం మీద లెక్కపెడుతూ పోయాను,
ఏ రోజు ఎవరెవరికి చదివానో.
మూడో రోజు దగ్గరే ముఖాలు కలిసిపోయాయి.
మా తాత గుడ్డ కప్పి చేసిన పని
వీడు దీపం పెట్టి చేశాడు.
చీకట్లో అయితే మనిషికి అనుమానమన్నా ఉంటుంది,
వెలుతురులో ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?
వాడికి గొంతు లేదు కదా.
గొంతు నాది.

మంగళవారం ఉలిగమ్మ మళ్ళీ వచ్చింది.
విచారణయినాక తేడా డబ్బు వస్తుందని చెప్పాను.
దొంగ సంగతి అడగలేదు, డబ్బు సంగతీ అడగలేదు.
"ఆ పొద్దు ఒగసారి చదివితివి, సరే.
రెండోసారి అంత గట్టిగా ఏంటికి చదివితివి?"

జవాబు కోసం ఆగలేదు.
కిటికీ చువ్వల్లోంచి గుప్పెడు పత్తి లోపలికి తోసింది.
"దీన్ని చూడు ముందు."
గింజ పట్టుకుని పోచ లాగాను.
వేళ్ళ మధ్య సాగింది, సాగింది, తెగలేదు.
మంచిదేమో. తాతకైతే చూడకుండానే తెలిసేది.
నాకు దాని పొడుగు చెప్పడం కూడా రాదు.

ఆమె వెనక ఇంకెవరో,
బీడీ ఆర్పి చెవిలో దోపుకుంటూ,
ఎంత పలికింది మేడమ్ అంటున్నాడు.
తెర మీద అంకె ఉంది, తళతళలాడుతూ.
నేనింకా నోరు తెరవలేదు.