దారం రంగు

తొమ్మిది నెలలు పడ్తదన్నరట.
భద్రయ్య సేటు నవ్విండు:
"పిల్లగాడు పుట్టినట్టే జానయ్యా,
కాకుంటే కండ్లు ఏ రంగుండాలెనో ముందుగాల్నే చెప్పొచ్చు."

అప్పటికే ఆయనకొక పెట్టె వచ్చింది.
అరచేతంత తోలు ముక్కలు, నున్నటి కట్టె ముక్కలు,
తాళంచెవుల గుత్తి లెక్క గుచ్చిన రంగు రేకులు.
మిర్యాలగూడ మిల్లు ఆఫీసుల
టేబుల్ మీద రాలిన ఊక బూడిద తుడిచి
"సీట్లు కుట్టేటోడివి, నువ్వు చెప్పు" అని
నా చేతుల పెట్టిండు.
ముప్పై ఏండ్ల సంది సాగర్ రోడ్డు మీద
ఆటోలకు, లారీలకు రెగ్జిన్ కుట్టిన వేళ్లు
ఆ తోలు మీద మాట రాక ఆగినయ్.

ఇంజన్ ముచ్చట ఒక్కటి తియ్యలె ఆయన.
ఫోన్ల అమ్మాయి అడిగిందట:
కుట్టు ఒక్క వరసనా, రెండు వరసలా సార్?
తలుపు తీస్తే కాళ్ల కింద పడే వెలుతురు ఏ రంగు?
గడప మీద మీ పేరు ఏ భాషల?
"యాభై ఎనిమిదేండ్లొచ్చె.
మిల్లు మా నాయిన పెట్టిండు, సంబంధం మా మేనమామ తెచ్చిండు,
ఇంటికి సున్నం గూడ వాస్తు అయ్యగారు చెప్పిందే.
నీకేం గావాలెరా అని
ఇంత ఓపికతోని ఎవ్వరడిగిండ్రు జానయ్యా?"

నాకు మా నాయిన యాదికొచ్చిండు.
హాలియల బండ్లు చేసేటోడు.
రైతు తన తుమ్మ మొద్దు తనే తెచ్చి
చెక్కపొట్టుల కూసొని పొద్దంత చూసేటోడు.
"నొగ జర లేపు, నా ఎడ్లు పొడుగు.
కుడి ఎద్దుకు మెడ పుండైతది, కాడి అక్కడ నున్నగ చెయ్."
ఎడ్ల ఎత్తు తాడుతోని కొలిచి ముడేసేటోడు నాయిన.
చూరుకు వేలాడే తాడుకు ఎన్ని ముడులో
అన్ని జతల ఎడ్లు.
టైరు బండ్లు వచ్చినంక
ఆ తాడుతోని అమ్మ మేకను కట్టేసింది.

కారొచ్చింది.
నీడల నలుపు, ఎండల వంకాయ.
లోపల మీగడ రంగు తోలు,
దాని మీద మామిడి తాండ్ర రంగు కుట్టు, రెండు వరసలు.
గడప మీద తెలుగుల 'భద్రయ్య'.
రావత్తు జర దూరం జరిగింది,
అక్కడోళ్లకేమెరుక. నేను చెప్పలె.
బియ్యం చెరిగే ఎల్లమ్మ చాట పక్కకు పెట్టి
ఆ నలుపుల చూసుకుంట బొట్టు సరిచేసుకుంది.

నెల తిరగలె.
మనుమడు కంపాసు ముల్లుతోని సీటు మీద సున్న గీసిండు.
జానెడు కుట్టు తెగింది.
ఆ దారానికి ఒక నంబరుందట,
అది రావాల్నంటే మూడు నెలలట.

రాత్రి తొమ్మిది దాటినంక,
షట్టరు సగం దించి ఉన్న,
డ్రైవర్ను గూడ వద్దని తనే నడుపుకుంటొచ్చిండు.
దారాల డబ్బా బోర్లేసిన.
అడుగున దొరికింది,
లచ్చిరాం ఆటోకు నెమలిని కుట్టంగ మిగిలిన కండె.
మెడ కింద ఒక్క ఈకకు వాడిన రంగు.
బల్బు కింద రెండు దారాలు పక్కపక్కన పెడితే
ఏది ఎవరిదో నాకే తెల్వలె.

"ఎక్కడిది జానయ్యా?"
"ఉండె సేటూ."

స్టూలు మీద ముందుకు వంగి
సూది దిగినప్పుడల్లా ఊపిరి పట్టి చూసిండు సేటు.
చెక్కపొట్టు ఒక్కటే తక్కువ.

తెల్లారి లచ్చిరాం వచ్చిండు.
నెమలి వెలిసిపోయిందన్నా, మల్ల కుట్టాలె.
కండెకు రెండు మూరలే ఉంది.
సూది పక్కకు పెట్టిన.
"చెప్పు, ఎట్ల గావాలె?"

"మెడ ఎన్కకు తిప్పాలె," అన్నడు,
"ఎక్కేటోళ్ల దిక్కు చూసినట్టు."
బయట పాసింజర్లు హారన్ కొడుతున్నరు.
ఆయన ఇంకా చెప్తనే ఉన్నడు.